మా ఇంటి తేనెటీగలను బతికించిన అక్కకు కృతజ్ఞతలు

ఒళ్ళు హూనమైపోయింది. అయినా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావట్లేదు. మా వెనక గది ఫాల్స్ సీలింగ్‌లో కాపురం పెట్టిన తేనెటీగలు నిన్న రాత్రి ఇల్లు వదిలి వెళ్ళాయి. చచ్చి కాదు, రాణి ఈగతో సహా పెట్టెలో క్షేమంగా వెళ్ళాయి.

మా మామయ్యగారికి తేనెటీగ కుడితే ఊపిరి అందదు. అందుకే లైటు చుట్టూ ఈగలు కనపడిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. సాయం కోసం ఫోన్ చేస్తే ఒక ఆఫీసు వాళ్ళు ఇది మా పని కాదన్నారు, ఇంకొకరు పామైతే వస్తామన్నారు, మరోచోట ఫిర్యాదు నంబరిచ్చి ఊరుకున్నారు. మందు కొట్టేవాళ్ళు మాత్రం వెంటనే వస్తామన్నారు. ప్రాణభయంతో ఉన్న కుటుంబానికి చంపించడం తప్ప వేరే దారి చూపించేవాళ్ళే లేకపోతే ఎలా? తేనెటీగలను కాపాడండి అని అందరూ చెప్తారు. కాపాడాలంటే ఎవరిని పిలవాలో ఒక్కరూ చెప్పరు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తోంది.

చివరికి ఎవరో ఇచ్చిన నంబరుకి చేస్తే ఈ అక్క ఎత్తారు. పేరు రాయొద్దన్నారు. మేమెవరో ఆవిడకి తెలియదు. ముందు మామయ్యగారిని వేరే ఇంటికి పంపించమన్నారు, ఆ తర్వాతే బయల్దేరారు. మందు కొడితే ఈగలు చస్తాయి కానీ తేనెపట్టు లోపలే ఉండిపోతుందట. రెక్కలతో విసిరి చల్లబరిచే ఈగలు లేక మైనం మెత్తబడి తేనె కారుతుంది, చీమలూ మైనం తినే పురుగులూ చేరతాయి.

కొంచెం పొగ పెట్టి పలక విప్పారు. లోపల పట్లు వరసగా వేలాడుతున్నాయి. పిల్లలున్న పట్టును ఒక్కోటిగా కోసి, చెక్క ఫ్రేములో పెట్టి దారంతో కట్టారు. ఎటువైపు పైకి ఉండేదో అటే పైకి. పట్టులోని చిన్న గదులు కాస్త పైకి వాలి ఉంటాయట, తిరగేస్తే పాడవుతాయట. తేనె ఉన్నవి బరువుకి విరిగి ఈగలను నలిపేస్తాయని వేరే బకెట్లో పెట్టారు. రాణి దొరకగానే చిన్న జాలీ డబ్బాలో పెట్టి నా చేతికిచ్చారు. క్షణాల్లో నా మణికట్టు దాకా ఈగలు. నేను బిగుసుకుపోతే, "భయపడకండి, అవి వాళ్ళమ్మ కోసం వచ్చాయి" అన్నారు. ఒక్కటీ కుట్టలేదు. డబ్బా పెట్టెలోకి వెళ్ళాక కొన్ని ఈగలు గుమ్మం దగ్గర తోక పైకెత్తి రెక్కలు ఆడించడం మొదలుపెట్టాయి. మిగతావాటిని పిలుస్తున్నాయట.

మేతకెళ్ళినవి తిరిగొచ్చేదాకా, చీకటి పడేదాకా ఆవిడ కూర్చునే ఉన్నారు. సీలింగ్ మూలన గుప్పెడు ఈగలు మిగిలితే, చాల్లే అక్కా అన్నాను. మళ్ళీ నిచ్చెన ఎక్కి మెత్తటి బ్రష్‌తో వాటినీ పెట్టెలోకి దులిపారు. తేనె వాసనకి ఇంకో గుంపు వస్తుందని ఆ చోటంతా తడిగుడ్డతో తుడిచారు. దిగొచ్చి చేతులు కడుక్కుంటూ, "మీరేమైనా తిన్నారా?" అని అడిగారు. ఇన్నాళ్ళూ అందరూ ఈగలు పోయాయా అనే అడిగారు. నేను ఏడ్చేశాను. ఆవిడ ఏమీ అనకుండా నా పక్కన కూర్చున్నారు. అక్కా, ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోను.

పెట్టెను దూరంగా ఉన్న తన తోటలో పెట్టారు. దగ్గర్లో పెడితే మేతకెళ్ళిన ఈగలు పాత చోటుకే వస్తాయట. పొద్దున ఫోన్ చేసి, కాళ్ళకి పుప్పొడి అంటించుకుని లోపలికి వెళ్తున్నాయని చెప్పారు. పిల్లల్ని సాకుతున్నట్టేనట. ఎంత సంతోషమేసిందో!

మా ఆయన, అత్తయ్యగారు, పిల్లలు అందరూ పక్కనే ఉన్నారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, నిచ్చెన ఇచ్చిన పక్కింటి బాబాయిగారికి, మామయ్యగారిని ఉంచుకున్న పిన్నికి కూడా థాంక్స్. సీలింగ్‌లో వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టిన ఎలక్ట్రీషియన్ తమ్ముడిని మర్చేపోయాను, ఈగల మధ్య నిలబడి పనిచేశాడు. ఆ నంబరు ఇచ్చినవారెవరో ఇంకా తెలియలేదు, ఇది చూస్తే దయచేసి ఒక్క మెసేజ్ పెట్టండి.