డబ్బా అదే, పొడి వేరు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: చాక్లెట్ ఫ్లేవర్ ప్లాంట్ ప్రోటీన్ పొడి, కిలో డబ్బా. చిన్నదైన స్కూప్, మారిన దినుసులు, మాయమైన అమైనో ఆమ్లాల పట్టిక గురించి.

నమస్కారం.

పది నెలలుగా మీ పొడే వాడుతున్నాను, నెలకో డబ్బా. మొదటి తొమ్మిదింటి మీద నాకు ఏ పేచీ లేదు. పదోది తెచ్చిన తంటా ఇది. రెండుసార్లు ఫోన్ చేశాను, మూడు మెయిళ్లు పెట్టాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అన్న మాట తప్ప పనికొచ్చే జవాబు రాకపోవడంతో ఇలా వివరంగా రాయాల్సి వస్తోంది.

పాల ప్రోటీన్ నాకు పడదు. తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం. వారానికి నాలుగు రోజులు బరువులు ఎత్తుతాను, నా బరువు 70 కిలోలు. కండ పెరగాలనుకునేవాళ్లకి కిలోకి రోజుకు 1.6 గ్రాముల దాకా ప్రోటీన్ పనికొస్తుందన్న లెక్కన నాకు 112 గ్రాములు కావాలి. చాలావరకు తిండిలోంచే వస్తుంది. తక్కువపడే 24 గ్రాముల కోసమే మీ డబ్బా.

ముందున్న కండల బొమ్మ చూసి కొనలేదు, వెనక లేబుల్ చదివి కొన్నాను. ప్రోటీన్‌ని కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు. వాటిలో లైసిన్ బఠాణీ ప్రోటీన్‌లో బాగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. బియ్యం ప్రోటీన్‌ది అచ్చంగా దీనికి తిరగేసిన కథ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మీ పాత లేబుల్ మీద అవే మొదట ఉండేవి, 70 శాతం, 30 శాతం అని అంకెలతో సహా. కింద అమైనో ఆమ్లాల పట్టిక, అందులో సర్వింగ్‌కి లూసిన్ 2.5 గ్రాములు. కండ కట్టే పని ఊపందుకోవడానికి పూటకి ఇంచుమించు అంత లూసిన్ కావాలంటారు. ఒక్క బఠాణీతోనే అయితే 24 గ్రాముల ప్రోటీన్‌లో అది రెండు గ్రాములకు అటూ ఇటూగానే దొరుకుతుంది. ఆ కొరత తీర్చడానికి విడిగా లూసిన్ కలిపామని మీరే రాశారు. దాచకుండా రాశారు కాబట్టే నమ్మాను.

కొత్త డబ్బాకి రంగు అదే, పేరు అదే, "24 గ్రాముల ప్రోటీన్" అన్న పెద్ద అంకె అదే. మూత తీస్తే స్కూప్ పొట్టిగా కనిపించింది. పాతది పారేయలేదు కాబట్టి పక్కన పెట్టి చూశాను. దాంట్లోకి కొత్తదాన్ని దించితే అంచు దాకా జారిపోయింది. అప్పుడిక త్రాసు బయటికి తీశాను. కత్తి వెనకవైపుతో పైన గీసి సమం చేసి పది స్కూపులు తూచాను. అన్నీ 26కీ 28కీ మధ్యే వచ్చాయి, సగటున 27 గ్రాములు. మీ లేబుల్ ప్రకారం ఒక స్కూప్ అంటే 33 గ్రాములు. 33లో 24 గ్రాముల ప్రోటీన్ ఉంటే 27లో ఉండేది 19.6. ఈ మాట చెబితే మీ ఫోన్ అబ్బాయి "గట్టిగా నొక్కి వేసుకోండి సార్" అన్నాడు. నొక్కి కూడా చూశాను. 30 దాటలేదు.

స్కూప్ సంగతి చిన్నది, త్రాసు ఉన్నవాడు సర్దుకుంటాడు. అసలు గొడవ దినుసుల్లో ఉంది. వెనక ఇప్పుడు "ప్లాంట్ ప్రోటీన్ మ్యాట్రిక్స్" అని ఒక్క పేరు, దాని పక్కన బఠాణీ, బియ్యం, గ్లైసిన్, టారిన్. శాతాలు లేవు. లూసిన్ ఊసే లేదు. అమైనో ఆమ్లాల పట్టిక ఉండాల్సిన చోట పచ్చటి ఆకు బొమ్మ.

గ్లైసిన్ ఎందుకు వచ్చిందని అడిగితే రుచి కోసమన్నారు. కావచ్చు, ఆ అమైనో ఆమ్లం తియ్యగానే ఉంటుంది. కానీ పొడిలో ప్రోటీన్‌ని మామూలుగా ఎలా కొలుస్తారో నాకంటే మీకే బాగా తెలుసు. కెల్డాల్ లాంటి పద్ధతిలో నత్రజని ఎంతుందో చూసి 6.25తో హెచ్చవేస్తారు. ఆ నత్రజని బఠాణీలోంచి వచ్చిందా, చవగ్గా దొరికే గ్లైసిన్‌లోంచి వచ్చిందా అన్నది ఆ పరీక్ష చెప్పదు. గ్లైసిన్ బరువులో 18.7 శాతం నత్రజనే. ఒక గ్రాము కలిపితే కాగితం మీద 1.17 గ్రాముల ప్రోటీన్ అయి కూర్చుంటుంది, మూడు గ్రాములు కలిపితే మూడున్నర. 2008లో చైనాలో బయటపడ్డ మెలమైన్ (నత్రజని ఎక్కువున్న రసాయనం) పాల కల్తీ కూడా ఈ కన్నంలోంచే దూరింది. గ్లైసిన్ అలాంటి విషం కాదు, మిమ్మల్ని వాళ్లతో పోల్చడమూ లేదు. కానీ శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని తొమ్మిది ఆవశ్యక అమైనో ఆమ్లాల్లో గ్లైసిన్ లేదు. టారిన్ అయితే ప్రోటీన్ల నిర్మాణంలోకే రాదు. ఆ 24 గ్రాముల్లో ఈ రెండిటి వాటా ఎంత? నా ప్రశ్నల్లో మొదటిది ఇదే, మీరు జవాబివ్వనిదీ ఇదే.

షేకర్‌లోనే తేడా తెలుస్తోంది. పాత పొడి చిక్కబడి, చివరి గుక్కలో సన్నటి ఇసుకలా నాలుకకి తగిలేది. కొత్తది పల్చగా, తియ్యగా దిగిపోతుంది. రుచికి కొత్తదే నయం, ఒప్పుకుంటాను. నేను కొన్నది రుచి కోసం కాదు.

భార లోహాల రిపోర్టు కూడా అడిగాను. మొక్కలు నేలలోంచి కాడ్మియం, సీసం పీల్చుకుంటాయి, కోకోలోనూ కాడ్మియం ఉంటుంది, పైగా నాది చాక్లెట్ ఫ్లేవర్. మీరు పంపిన రిపోర్టు మీద ఉన్నది వేరే బ్యాచ్ నంబరు, తేదీ రెండేళ్ల కిందటిది. నేను తాగుతున్న పొడికి దానితో ఏం సంబంధం?

ఇక డబ్బా మీద కొత్తగా చేరిన "72 గంటల్లో పూర్తి రికవరీ" గురించి ఒక్క మాట. అలవాటు లేని వ్యాయామం చేస్తే వచ్చే ఒళ్లునొప్పి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. మంచినీళ్లు తాగినా తగ్గుతుంది. ఆ ఘనత మీ ఖాతాలో వేసుకోకండి. నా నొప్పులు మీ పొడి వల్ల పెరిగాయని నేనూ అనను.

నాకు కావాల్సినవి ఇవీ: ఈ బ్యాచ్‌కి సంబంధించిన పూర్తి అమైనో ఆమ్లాల పట్టిక, అందులో విడిగా కలిపిన గ్లైసిన్, టారిన్, లూసిన్ ఎంతెంతో, ఇదే బ్యాచ్ భార లోహాల రిపోర్టు, ఈ డబ్బా సొమ్ము వాపసు. దీనికి బదులు ఇంకో డబ్బా పంపుతామంటే వద్దు. ఇకపై తయారయ్యే డబ్బాల మీద ఫార్ములా మారిందని ముందువైపే రాయండి, 24 గ్రాముల అంకె ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని, ఫొటోలతో కలిపి, ఆహార భద్రతా అధికారులకు పంపుతాను.

పరీక్ష చేయించుకుంటారేమోనని ముప్పావు వంతు పొడి డబ్బాలోనే ఉంచాను. పాత లేబుల్ కూడా చింపకుండా దాచాను. స్కూపులు రెండూ కావాలంటే పంపిస్తాను. పాతదాంట్లో కొత్తది ఇరుక్కుపోయింది, విడదీయకుండా అలాగే పెడతాను.

ఇట్లు,
మీ పది నెలల కస్టమర్