కన్వర్టిబుల్ మైలేజీకి ఒక్క అంకె సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆటోమొబైల్ పేజీలో కొత్త కన్వర్టిబుల్ కార్ల మీద, అంటే రూఫ్ తీసి నడుపుకోగలిగే కార్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. కారు రూపం గురించీ లోపలి సీట్ల గురించీ చక్కగా రాశారు. మైలేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని ఒక్క అంకె వేసి వదిలేశారు. ఏ స్పీడులో నడిపితే అంత వచ్చిందో రాయలేదు. రూఫ్ తీసి నడిపారో వేసి నడిపారో అసలే లేదు. మామూలు కారుకైతే సరిపెట్టుకోవచ్చు. కన్వర్టిబుల్ కొనాలనుకునే మనిషికి ఆ రెండు సంగతులూ తెలియకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నేను అకౌంటెంట్‌ని. ఏ కారు నడిపినా, ట్యాంక్ ఫుల్ చేయించిన ప్రతిసారీ ట్రిప్ మీటర్ రీడింగూ పట్టిన పెట్రోలూ నోటుబుక్కులో రాసుకుంటాను. ఇప్పుడు నడుపుతున్నది మాజ్డా ఎంఎక్స్-5. రెండే సీట్లు, 2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, చేత్తో వెనక్కి మడిచే బట్ట రూఫ్. కొత్త బండి కాబట్టి ఇంజిన్ కుదురుకునేదాకా రాసిన లెక్కలు పక్కన పెట్టేశాను. ఆ తర్వాత హైవే మీద వచ్చినవే ఇక్కడ చెబుతున్నాను.

రూఫ్ వేసి గంటకు 90 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పోతే లీటరుకు 18 కిలోమీటర్ల చుట్టుపక్కల ఇస్తోంది. రూఫ్ తీసి అదే 90లో పోతే 17కి కాస్త పైన. రూఫ్ వేసి 120లో పోతే 15. రూఫ్ తీసి 120లో పోతే 14 కూడా అందలేదు. కారు అదే, నడిపింది నేనే, పెట్రోలు అదే. ఈ బండి ట్యాంకులో 45 లీటర్లు పడుతుంది. ఆ లెక్కన ఫుల్ ట్యాంక్ మీద 180 కిలోమీటర్లకు పైగా తేడా. మరి ఇందులో ఏ అంకెను ‘ఈ కారు మైలేజీ’ అని అచ్చు వేస్తారు?

ఇదంతా గాలి చేసే పని. స్పీడు పెరిగేకొద్దీ గాలి అడ్డుపడే బలం స్పీడు వర్గంతో, అంటే స్పీడును స్పీడుతోనే గుణించిన లెక్కన పెరుగుతుంది. 90 నుంచి 120కి వెళ్లడమంటే మూడో వంతు ఎక్కువ స్పీడు, అంతే. గాలి అడ్డు మాత్రం 78 శాతం పెరుగుతుంది. ఇది అన్ని కార్లకూ ఉన్నదే. కన్వర్టిబుల్‌లో రూఫ్ తీస్తే దాని మీద ఇంకొకటి చేరుతుంది. మూసి ఉన్న కారులో గాలి ముందు అద్దం మీద ఎక్కి, రూఫ్ మీదుగా సాఫీగా జారి వెనక్కి పోతుంది. రూఫ్ లేకపోతే అద్దం పై అంచు దగ్గరే తెగిపోతుంది. తెగిన గాలి, వాగులో రాయి వెనక నీళ్లు తిరిగినట్టు, సీట్ల మీద సుడి తిరుగుతుంది. అందుకే కన్వర్టిబుల్‌లో కూర్చున్నవాళ్ల జుట్టు వెనక్కి ఎగరదు, వెనక నుంచి ముఖం మీదికి వచ్చి పడుతుంది. మొదటిసారి కూర్చున్న ప్రతివాళ్లూ దీనికి ఆశ్చర్యపోతారు. ఆ సుడిని తిప్పుతూ ముందుకు లాక్కుపోవడానికి కావలసిన శక్తి కూడా మన ట్యాంకులోంచే పోతుంది.

మా అన్నయ్యతో దీని మీద పెద్ద వాదన జరిగింది. రూఫ్ తీసి పోతున్నప్పుడు, “ఏసీ ఆపేశావు కదమ్మా, పెట్రోలు మిగలాలి కదా?” అన్నాడు. చాలామంది నమ్మకం ఇదే. స్పీడు తక్కువగా ఉన్నప్పుడు ఆ మాట నిజం కావచ్చు. ఊళ్లో నలభైలోనో యాభైలోనో పోతున్నప్పుడు గాలి అడ్డు తక్కువ, ఏసీ కంప్రెసర్ లాగే శక్తే లెక్కలోకి వస్తుంది. హైవే ఎక్కాక అది తిరగబడుతుంది. 120లో రూఫ్ వేసి, ఏసీ నడుపుకుంటూ పోయినా తీసి పోయినదానికన్నా తక్కువే తాగింది. పైన చెప్పిన 15 ఏసీతో వచ్చినదే. అన్నయ్యకు నోటుబుక్కు చూపించాకగానీ ఒప్పుకోలేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. కన్వర్టిబుల్ అంటే బరువు, అందుకే పెట్రోలు తాగేస్తుంది అంటారు. మామూలు కారుగా తయారైన మోడల్‌కి పైకప్పు కోసేసి కన్వర్టిబుల్ చేస్తే బరువు పెరిగే మాట నిజమే. పైకప్పు కూడా బాడీకి బలాన్నిస్తుంది. అది పోతే అడుగున అదనపు ఉక్కు వేసి గట్టి చేయాలి, రూఫ్ మడిచే మోటార్లూ పెట్టాలి. అయితే ఎంఎక్స్-5 అలా పుట్టిన కారు కాదు. 1989లో షికాగో ఆటో షోలో మొదటి తరం వచ్చినప్పటి నుంచీ దాన్ని రూఫ్ లేని కారుగానే గీశారు. ఇప్పటి తరం కూడా టన్నుకు కాస్త పైన ఉంటుంది. నిలకడగా సాగే హైవే మీద బరువుకన్నా గాలిదే పైచేయి. బరువు ఖర్చు తెలిసేది ఆగి కదిలే ట్రాఫిక్‌లో, ఎత్తు ఎక్కేటప్పుడు.

ఇక హైవే మీద ఎలా ఉంటుందన్నది. మీ వ్యాసంలో ‘థ్రిల్’ అన్న మాట చాలాసార్లు వచ్చింది, నిజంగా నడిపేవాళ్లకు కావలసిన సంగతులు తక్కువ వచ్చాయి. ఈ కారులో సీటు చాలా కింద ఉంటుంది. లారీ పక్కకు వస్తే దాని చక్రాలు దాదాపు మన కళ్ల ఎత్తున తిరుగుతుంటాయి. రూఫ్ తీసి ఉంటే ఆ టైర్ల హోరూ డీజిల్ వేడీ సూటిగా మీదికే వస్తాయి. ఎంతో ఇష్టపడి కొన్న కారే అయినా లారీ పక్కన ఎక్కువసేపు ఉండాలంటే నాకు టెన్షనే. కాబట్టి ఓవర్‌టేక్ త్వరగా ముగించాలి. ఇక్కడ గేరు సంగతి తెలిసి ఉండాలి. ఆరో గేరులో 100 దగ్గర ఇంజిన్ సుమారు 2,500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుంటుంది. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, పూర్తిగా దొరికేది 4,000 దగ్గర. ఆరులోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే బండి మెల్లగా కదులుతుంది. నాలుగుకు దించితే సరిగ్గా ఆ 4,000 దగ్గరికి చేరుతుంది, లారీ అలా వెనకపడిపోతుంది. ఆ గేరు లివర్ పొట్టిగా, గట్టిగా, మణికట్టు కదిలితే చాలన్నట్టు ఉంటుంది. ఇంత హాయిగా గేర్లు పడే కారు నేను ఇంతకు ముందు నడపలేదు. స్టీరింగ్ కూడా అంతే, చెప్పిన వెంటనే వింటుంది.

శబ్దం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. బట్ట రూఫ్ వేసినా మామూలు కారంత నిశ్శబ్దం రాదు, ఏ కన్వర్టిబుల్‌కైనా అది సహజం. తీసి 120లో పోతే పక్కన మనిషితో మాట్లాడాలంటే అరవాలి. వృత్తి ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండే. హైవే మీద రూఫ్ తీసి గంటల తరబడి పోవాలనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. పక్క అద్దాలు పైకి ఎత్తి, సీట్ల వెనక గాలి ఆపే అడ్డు ఉంచితే హోరు బాగా తగ్గుతుంది. ఆ అడ్డు అలంకారం అనుకుని తీసేసేవాళ్లున్నారు, తీయకండి.

ఎండ కూడా మోసం చేస్తుంది. గాలి తగులుతుంటే చర్మం కాలుతున్నట్టు తెలియదు, దాహం కూడా తెలియదు. టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి.

కంపెనీలు చెప్పే మైలేజీ సంగతికి వస్తాను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఈ 2 లీటర్ల మాన్యువల్‌కి హైవే మీద గాలనుకు 34 మైళ్లు ఇచ్చింది. మన లెక్కలో లీటరుకు 14.5 కిలోమీటర్లు. వాళ్ల పాత హైవే పరీక్షలో గరిష్ఠ స్పీడు గంటకు 60 మైళ్లే, అంటే 96 కిలోమీటర్లు. నిజం రోడ్డు మీద జనం అంతకంటే వేగంగా పోతున్నారు కాబట్టి 2008 మోడళ్ల నుంచి 80 మైళ్ల దాకా పోయే పరీక్షనూ ఏసీ వేసి చేసే పరీక్షనూ కలిపి లెక్కిస్తున్నారు. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ అనే మైలేజీ పరీక్ష గంటకు 131 కిలోమీటర్ల స్పీడు దాకా వెళుతుంది. రెండూ పాత పద్ధతికన్నా నిజానికి దగ్గరివే. కానీ రూఫ్ వేస్తే ఇంత, తీస్తే ఇంత అని లేబుల్ మీద రెండు అంకెలు వేయరు. ఆ ఖాళీని పూరించాల్సింది మీలాంటి పత్రికలే. అందుకే మీ వ్యాసం నన్ను నిరాశపరిచింది.

నా అభిప్రాయం అడిగితే, ఈ కారును రూఫ్ తీసి నడపాల్సింది 80, 90ల మధ్య. అక్కడ గాలి ఆహ్లాదంగా ఉంటుంది, మాటలు వినిపిస్తాయి, మైలేజీ కూడా పెద్దగా పడిపోదు. 100 దాటాక రూఫ్ వేసుకుని పోవడమే నయం. ఇంధనం దండగ అని ఈ తరహా కార్లను కొట్టిపారేసేవాళ్లు కూడా ఆ 17 అంకెను ఒకసారి చూడాలి.

మీ విలేకరికి ఒక విన్నపం. పరీక్షించేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును నమ్ముకోవద్దు. పంపు దానంతట అది ఆగేదాకా పోయించి, తిరిగి అదే పంపు దగ్గర అలాగే పోయించి లెక్క కట్టాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. వెళ్లిన దారినే తిరిగి రావాలి. ఎదురుగాలి 20 ఉంటే, 100లో పోతున్న కారు గాలికి సంబంధించినంత వరకు 120లో పోతున్నట్టే. రానూపోనూ కలిపితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. ఆ తర్వాత రూఫ్ వేసి 100లో ఎంత, తీసి 100లో ఎంత అని రెండు అంకెలు వేయండి. పేజీలో చోటుంటే 80కీ 120కీ కూడా.

భవదీయురాలు,
మీ పత్రిక పాఠకురాలు