నేను తెనాలిలో ఉండగా మా అమ్మాయిని చూసుకున్న పదహారు మందికి

పేర్లు రాయొద్దని పిల్లలు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. వాళ్ళ సొరోరిటీ (కాలేజీ ఆడపిల్లల సంఘం) పేరు, కాలేజీ పేరు కూడా రాయను. ఎవరి గురించో వాళ్ళకి తెలుసు. ఆ పదహారు మందిలో తెలుగు చదవడం ఒక్కరికే వచ్చు, మిగతావాళ్ళకి మా అమ్మాయి చదివి చెప్తానంది. "ఇంగ్లీషులో రాస్తే పోయేదిగా" అన్నారు మా వారు. నాలుగుసార్లు "థ్యాంక్యూ సో మచ్" అని మొదలుపెట్టి చెరిపేశాను. అయినా ఈ సంగతి తెలియాల్సింది ముఖ్యంగా నాలాంటి తల్లులకి.

పోయిన అక్టోబరులో మా అత్తగారు పోయారు. ఫోన్ వచ్చిన రాత్రే మా వారూ నేనూ డల్లాస్‌లో విమానం ఎక్కేశాం. అమ్మాయి చదివే కాలేజీ మా ఇంటి నుంచి మూడు గంటల డ్రైవ్. మిడ్‌టర్మ్ పరీక్షలు నడుస్తున్నాయని తనని రావద్దన్నాం.

ఐదో రోజు తెల్లవారుజామున ఐదున్నరకి ఫోన్ మోగింది. టెక్సాస్‌లో అప్పుడు ముందురోజు సాయంత్రం ఏడు. అమ్మాయి నంబరే, గొంతు మాత్రం వేరే.

"ఆంటీ, నమస్తే. తను బాగానే మాట్లాడుతోంది, ముందు అది చెప్తున్నా. అపెండిక్స్ పగిలింది. రాత్రికి ఆపరేషన్ చేస్తారు. నేను పక్కనే ఉన్నా. ఇదిగో, మీరే మాట్లాడండి."

ఈ వరసలో చెప్పడం ఆ పిల్లకి ఎవరు నేర్పారో నాకు తెలీదు. ముందు మనిషి బాగుంది, తర్వాత రోగం, తర్వాత ఎవరు దగ్గరున్నారు. మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఇంత తిన్నగా చెప్పలేరు. "ఏం లేదు, నువ్వు కంగారు పడకు" అని మొదలుపెట్టి ప్రాణం తోడేస్తారు.

ఇంకో పని కూడా చేసిందా పిల్ల. పద్దెనిమిది దాటిన పిల్లల ఆరోగ్యం గురించి ఇక్కడ అమెరికాలో ఆసుపత్రులు వాళ్ళ అనుమతి లేకుండా తల్లిదండ్రులకి కూడా సాధారణంగా చెప్పవు. మత్తు ఇవ్వకముందే మా అమ్మాయి చేత నర్సుకి చెప్పించింది, మా అమ్మ ఫోన్ చేస్తే అన్నీ చెప్పండని. అది జరక్కపోతే నేను తెనాలి నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా "క్షమించండి మేడమ్" అనే జవాబే వచ్చేది. కాలేజీలో పిల్లలున్న తల్లులు ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి.

నేను టికెట్లు చూశాను. ఏ దారిలో వచ్చినా ఇల్లు చేరేసరికి ముప్ఫై గంటలు. మా వారు పెద్దకొడుకు, కర్మ చేసేది ఆయనే. వెళ్దామా, ఉందామా అని కొట్టుకుంటూ ఉండగానే ఆపరేషన్ అయిపోయింది. "అమ్మా, నువ్వు పదకొండో రోజు అయ్యాకే రా. ఇక్కడ నాకు ఖాళీ లేదు, మనుషులు ఎక్కువయ్యారు" అంది అమ్మాయి మగతలో. ఖాళీ లేదేమిటో ఆ సాయంత్రం అర్థమైంది, నాకొక గూగుల్ షీట్ పంపించారు.

ఆ షీట్ గురించి కాస్త చెప్పాలి. అడ్డంగా తేదీలు, నిలువుగా పనులు. రాత్రి పడక. తిండి. మందులు. క్లాస్ నోట్సు. లాండ్రీ. డిశ్చార్జ్ రోజు కారు. చివరి వరసలో "ఆంటీకి ఫోన్" అని ఉంది, దాని పక్కన తెనాలి టైము. ఉదయం ఒకరు, రాత్రి ఒకరు. కడుపులో చీము చేరింది కాబట్టి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి సెలైన్లో యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇంటికొచ్చాక రెండు వారాలు బరువు ఎత్తకూడదు, నొప్పి మాత్రలు వేసుకున్నన్నాళ్ళు కారు నడపకూడదు. మొత్తం అన్ని రోజులకీ గడులన్నీ నిండే ఉన్నాయి. ఖాళీ గడి కోసం వెతికాను, నిజం చెప్తున్నా. కనిపిస్తే డల్లాస్‌లో ఉన్న మా స్నేహితురాలిని పంపుదామని. ఆవిడ శనివారం పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్తే, "ఆంటీ, ఈ పూట తిండి వంతు నాది" అని ఒక పిల్ల డబ్బా పట్టుకుని ఎదురొచ్చిందట.

తిండి సంగతి మొదటి రోజు మాత్రం గందరగోళమే. ఎవరో బిర్యానీ తెచ్చారు. ఫోన్లోనే కేకలేశాను. పెట్టమ్మా, పేగు కోసి ఇరవై నాలుగు గంటలు కాలేదు, దమ్ బిర్యానీ పెట్టు! ఆ తర్వాత గుజరాతీ అమ్మాయి పల్చటి ఖిచిడీ చేసింది, మలయాళీ అమ్మాయి గంజి కాచింది, వాళ్ళలోనే ఉన్న మెక్సికన్ అమ్మాయి వాళ్ళమ్మ చేత కోడి పులుసు లాంటి చారు చేయించి తెచ్చింది. రాత్రులు ఎక్కువగా పడుకున్నది లాహోర్ నుంచి వచ్చిన కుటుంబంలో పిల్ల. మందుల టైముకి ఫోన్లో అలారం పెట్టుకుని లేచేదట. ఆ అమ్మాయి తల్లి నాకు ఉర్దూలో వాయిస్ మెసేజ్ పెట్టింది. మొత్తం అర్థం కాలేదు గానీ "మీ కూతురు మా కూతురే" అన్న ముక్క అర్థమైంది.

అదే సమయంలో తెనాలి ఇంట్లో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. అత్తయ్య ఇరవై ఏళ్ళకి పైగా డ్వాక్రా గ్రూపులో ఉన్నారు. ఆ గ్రూపు ఆడవాళ్ళు పరామర్శకి వచ్చి వెళ్ళిపోలేదు. పొద్దున కాఫీ ఇద్దరు, మధ్యాహ్నం అన్నాలు ముగ్గురు, వచ్చేవాళ్ళకి మంచినీళ్ళూ కుర్చీలూ ఇంకొకరు. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, కానీ వంతులున్నాయి. నేను వంటింట్లో కూర్చుని ఆ షీట్ చూస్తుంటే ఒకావిడ ఏమిటని అడిగింది. చెప్పాను. "ఓహో, గ్రూపే" అంది. "ఎంతమంది?" అంది వెంటనే. మా అమ్మాయితో కలిపి పదిహేడు అన్నాను. "అయితే పర్లేదు. పదిమందికి తగ్గితే నడవదమ్మా. ఇద్దరికి జ్వరమొస్తే మిగిలినోళ్ళ నడుములు పడిపోతాయి."

ఆ మాట వినేదాకా నాకు తట్టలేదు. నేను పదహారు మందికి రుణపడ్డాను గానీ, వాళ్ళు పదహారు మంది ఉండటానికి కారణమైన వాళ్ళు వేరే ఉన్నారు. ఈ కృతజ్ఞతల్లో సగం వాళ్ళకి.

నాకు మొదట్లో సొరోరిటీ అంటే ఏమీ తెలీదు. తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే, పెద్ద భవంతి, పార్టీలు, ఒకేరకం బట్టలేసుకున్న ఆడపిల్లలు. "చాప్టర్ మీటింగ్ ఉంది" అని అమ్మాయి అంటే పాఠ్యపుస్తకంలో చాప్టరేమో అనుకున్నాను, ఒక్కో కాలేజీలో ఉండే సంఘం శాఖని అలా అంటారట. సొరోర్ అంటే లాటిన్‌లో అక్కో చెల్లో అని తర్వాత తెలిసింది. 1882లో సిరక్యూస్‌లో ఒక లాటిన్ ప్రొఫెసర్ ఆ పేరు సూచించేదాకా ఇలాంటి ఆడపిల్లల సంఘాలని కూడా ఫ్రెటర్నిటీ అనే అనేవాళ్ళట, అంటే అన్నదమ్ముల సంఘమని. మన పిల్లల కోసం పెట్టినవి చాలా కొత్తవి. ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమెగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో, మూడూ 1998లోనే పుట్టాయి. మా అమ్మాయిది కూడా అలా దక్షిణాసియా పిల్లలు మొదలుపెట్టినదే, ఎవరైనా చేరొచ్చు. భవంతి గట్రా లేదు. కాలేజీలో ఖాళీ గది అడిగి తీసుకుని మీటింగు పెట్టుకుంటారు. పక్కనే పెద్ద సొరోరిటీల చాప్టర్లలో వందల మంది ఉంటారు.

2021లో మా అమ్మాయి వాళ్ళ చాప్టర్లో మిగిలింది నలుగురు.

కోవిడ్ ఏడాదంతా కొత్తవాళ్ళు చేరలేదు, పాతవాళ్ళు డిగ్రీ పూర్తిచేసి వెళ్ళిపోయారు. జూమ్‌లో పరిచయాలు పెడితే కెమెరా ఆపేసిన నల్లటి గళ్ళే కనిపించేవట. నలుగురితో చాప్టర్ అంటే ఎలా ఉంటుందో అప్పటి ప్రెసిడెంట్ ఈ మధ్య నాకు చెప్పింది. ప్రెసిడెంటూ తనే, ట్రెజరరూ తనే. మనుషులు తగ్గేకొద్దీ ఒక్కొక్కరి మీద చందా పెరుగుతుంది, ఎందుకంటే ఇన్సూరెన్సు, కార్యక్రమాల ఖర్చు మనిషిని బట్టి తగ్గవు. చందా పెరిగితే చేరేవాళ్ళు జంకుతారు. చేరేవాళ్ళు లేకపోతే మళ్ళీ చందా పెరుగుతుంది. మూసేద్దామా అన్న మాట కూడా వచ్చిందట. చదువైపోయి హ్యూస్టన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పాత సభ్యులు ఆ ఏడాది ఖర్చులో కొంత వేసుకున్నారు, శనివారాలు కారేసుకుని వచ్చి స్టూడెంట్ యూనియన్ ముందు బల్ల దగ్గర నిలబడ్డారు. పెద్ద ఫ్లాస్కుల్లో చాయ్ పెట్టారు. చాయ్ తాగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అయినా రెండో వారం వచ్చినవాళ్ళ పేరు గుర్తుపెట్టుకుని పిలిచేవాళ్ళు. ఆ ఏడాది ఇద్దరు చేరారు. తర్వాతి ఏడాది నలుగురు.

2023లో మా అమ్మాయి చేరతానంది. నేను వద్దన్నాను. ఎందుకని అడిగితే కారణం కూడా చెప్పలేదు, వద్దంటే వద్దే. వారం తిరక్కుండా ఒక పిల్ల ఫోన్ చేసింది. డల్లాస్ పక్కన ప్లేనోలో పెరిగిన కరీంనగర్ వాళ్ళ అమ్మాయి, సగం తెలుగు సగం ఇంగ్లీషు. తల్లులు వద్దనడం వల్లే చాలామంది ఆగిపోతున్నారని గమనించి, వీళ్ళే తల్లులకి ఫోన్ చేయడం మొదలుపెట్టారట.

"ఆంటీ, మీరు ఏదడిగినా చెప్తాను" అంది.

నేను మొహమాటపడలేదు. తాగుడు ఉంటుందా, రాత్రిళ్ళు ఎక్కడుంటారు, హేజింగ్ అని, కొత్తవాళ్ళని ఏడిపించే ర్యాగింగ్ లాంటిదట, పేపర్లలో చదువుతున్నాం అదేమిటి, డబ్బెంత, చదువు పాడవదా. అన్నిటికీ జవాబు చెప్పింది. మార్కులు తగ్గితే కార్యక్రమాలకి రానివ్వరని చెప్పింది. టెక్సాస్‌లో హేజింగ్ నేరమని, అలాంటిదేమైనా జరిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలో ఒక నంబరు పంపింది. (ఆ తర్వాత 2024 డిసెంబరులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది, కాలేజీలు హేజింగ్ లెక్కలు బయటపెట్టాలని.) పార్టీల గురించి అడిగితే మాత్రం కాసేపు ఆగింది. "ఉంటాయి ఆంటీ. లేవని చెప్తే మీరు మిగతావి కూడా నమ్మరు కదా."

ఆ ఒక్క మాటతో ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల చదువైపోయి సియాటిల్‌లో ఉంది. ఆపరేషన్ రాత్రి అక్కడి నుంచి ఫోన్ చేసి "ఆంటీ, పడుకోండి, నేను మేలుకుని ఉంటా" అంది. తెనాలిలో అప్పుడు పట్టపగలని ఇద్దరికీ తర్వాత గుర్తొచ్చింది.

వీళ్ళలో పెద్దమ్మాయిని బిగ్ అంటారు, కొత్తగా చేరినమ్మాయిని లిటిల్ అంటారు. బిగ్‌కి బిగ్ ఉంటే గ్రాండ్‌బిగ్. మన భాషలో అక్క, పెద్దక్క అనుకోవచ్చు గానీ మా వారు మాత్రం అమ్మమ్మ, ముత్తవ్వ అని వరసలు కడతారు. మా అమ్మాయి గ్రాండ్‌బిగ్ ఇప్పుడు నర్సు. డాక్టర్లు చెప్పిన మాటలు నాకు తెలిసేలా విడమరిచి చెప్పింది ఆమే. డ్రెయిన్ గొట్టం ఫోటో చూసి నేను ఏడుస్తుంటే, అది ఎందుకు పెట్టారో, ఏ రంగు నీరు వస్తే మంచిదో, ఎప్పుడు తీసేస్తారో చెప్పింది. చెప్పిన రోజునే తీశారు.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను బయల్దేరాను. అపార్ట్‌మెంట్ తలుపు తీసేసరికి మా అమ్మాయి సోఫాలో, చుట్టూ నలుగురు, కింద పుస్తకాలు. ఇల్లు శుభ్రంగా ఉందని చెప్పను. సింకులో గిన్నెలు కొండలా ఉన్నాయి. కానీ మందుల డబ్బాలో ఆ పూట గడి ఖాళీగా ఉంది, అంటే వేసుకుంది. నేను లోపలికి అడుగు పెట్టగానే ఒక పిల్ల లాప్‌టాప్ తెరిచి, షీట్‌లో మిగిలిన తేదీలన్నిటి మీదా "ఆంటీ వచ్చేశారు" అని రాసింది. రాసి కూడా ఎవరూ వెళ్ళలేదు, రాత్రి పదింటిదాకా.

ఖర్చులకి డబ్బిస్తే తీసుకోలేదు. కవర్లో పెట్టి ఇస్తే మర్నాడు ఆ కవరు నా హ్యాండ్‌బ్యాగులోనే దొరికింది. ఈ విషయంలో మాత్రం నాకు వాళ్ళ మీద కోపమే.

కాబట్టి, నాతో రాత్రీ పగలూ మాట్లాడిన మీ అందరికీ. నిద్ర మానుకున్న లాహోర్ వాళ్ళ పిల్లకీ, వాళ్ళమ్మకీ. గంజికీ, ఖిచిడీకీ, కోడి చారుకీ. బిర్యానీ తెచ్చి నాచేత తిట్లు తిన్న పిల్లకి కూడా, తల్లీ, మనసులో పెట్టుకోకు. సియాటిల్ అమ్మాయికి. నర్సమ్మకి. 2021లో మూసెయ్యకుండా నిలబడిన ఆ నలుగురికి, మీలో ఇద్దరిని నేనింకా చూడనే లేదు. హ్యూస్టన్ నుంచి శనివారాలు వచ్చి చాయ్ పోసినవాళ్ళకి. తెనాలిలో అత్తయ్య గ్రూపుకి కూడా, పదమ్మా అని నన్ను వంటింట్లోంచి లేపి అన్నం తినిపించినందుకు.

ఈ సెమిస్టర్‌లో నలుగురు పాసై వెళ్ళిపోతున్నారు. వచ్చే శుక్రవారం కొత్తవాళ్ళకి పరిచయ కార్యక్రమం. తిండి నేను తెస్తానన్నాను, దీనికి మాత్రం కవరు లెక్క లేదు కాబట్టి ఒప్పుకున్నారు. ఎంతమంది వస్తారని అడిగితే, "పాతిక మందికి చెయ్యమ్మా చాలు, ఎక్కువ ఆశ పెట్టుకోకు" అంది మా అమ్మాయి.

యాభై మందికి పులిహోర కలుపుతున్నాను. వచ్చేవాళ్ళలో ఎవరి అమ్మకైనా అనుమానాలుంటే నా నంబరు ఇమ్మని పిల్లలకి చెప్పాను.