చుక్కమ్మకి ఎన్ని పేర్లురా!

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

ఒరేయ్ ఎడంచెప్పూ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టు, పడతాను. మొదలుపెట్టడం, చించెయ్యడం, ఇదే పని అయిపోయింది. ఇంట్లో అందరూ క్షేమం. నాన్న షుగరు అదుపులోనే ఉంది, చెల్లి సంబంధం ఇంకా నలుగుతోంది, మేడ మీద గది కారుతూనే ఉంది. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

చుక్కమ్మ పోయిన కబురు అమ్మ ఫోన్లో చెప్పిందిగా. అన్నం మానేసి అదే పనిగా నీళ్ళు తాగుతుంటే డాక్టరుకి చూపించాం. కిడ్నీలన్నాడు. కుక్కల్లో ముప్పాతిక వంతు పాడయ్యేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగదట. అప్పటిదాకా మామూలుగానే తిరుగుతాయి, మనకేం తెలుస్తుంది? సెలైన్లు ఎక్కించారు. చివరి రెండు రోజులూ నాన్న దాని పక్కనే చాప వేసుకుని... అది ఇప్పుడు రాయలేనురా. ఆనందపురంలో పెద్దమ్మ వాళ్ళ పూలతోట గట్టున నడుంలోతు గొయ్యి తీసి, ఉప్పూ పసుపూ వేసి పెట్టాం. 2014లో హుద్‌హుద్ తుఫాను మర్నాడు కూలిన బాదం చెట్టు కింద చెయ్యి పెట్టి దాన్ని లాగింది నువ్వే కదా. పాల ప్యాకెట్ కోసం ఊరంతా క్యూలో నిలబడ్డ రోజుల్లో మన వాటా పాలు సగం అదే తాగింది. ఆ లెక్కన దానికి పదకొండేళ్ళు దాటాయి.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. తర్వాత జరిగింది విను.

మర్నాడు పొద్దున్న జాలారిపేట నుంచి వచ్చే చేపలమ్మ గంప దించి, "ఏటి బాబూ, మా బంగారం రాలేదేటి?" అంది. బంగారం ఎవరమ్మా అన్నాను. "అదేటి బాబూ, మీ ఇంటి కుక్కే. రోజూ దానికో కానాగంత తీసుంచుతాను కదా" అంది. పోయిందని చెబితే గంప పక్కన చతికిలబడి ఏడుపు. ఆవిడ కోసం నేను మంచినీళ్ళు తెచ్చేలోపు పిల్లి రెండు చేపలు లాక్కుపోయింది.

అప్పుడు అనుమానం వచ్చి వీధంతా విచారించాను. టిఫిన్ బండి ఆయన దాన్ని ఇన్‌స్పెక్టరు గారూ అనేవాడట. బండి పెట్టగానే వచ్చి, చుట్టూ తిరిగి వాసన చూసి, మామూలు కింద ఒక ఇడ్లీ పుచ్చుకుని వెళ్ళేదట. పోలమాంబ గుడి దగ్గర పూలమ్మే ఆవిడకి అది పోలమ్మ. శుక్రవారం పులిహోర అక్కడ. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అయితే దాన్ని సత్తిబాబూ అని పిలిచేవాడు! ఆడకుక్కరా బాబూ అంటే, "పేరులో ఏముంది సార్, రాత్రి డ్యూటీ ఇద్దరం కలిసి చేసేవాళ్ళం" అన్నాడు. లావు తగ్గించమని డాక్టరు చెబితే అమ్మ ఇన్నేళ్ళూ కొలిచి కొలిచి అన్నం పెట్టిందే, గుర్తుందా? గ్రాము తగ్గలేదని ఆ డాక్టర్నే అనుమానించింది పాపం!

అమ్మకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పదకొండో రోజు పెరుగన్నం కలిపి వీధి కుక్కలకి పెడతానంది. "కుక్కకి పదకొండో రోజేమిటే?" అని నాన్న గొణిగాడు, తీరా చూస్తే పెరుగు తెచ్చింది ఆయనే. అందరూ వచ్చారురా. అక్కడే మాటల్లో, ఈ ఎండలకి కుక్కలు తాగడానికి దాని పేరు మీద ఒక సిమెంటు తొట్టి పెడదామనుకున్నాం. పిల్లలకి కూడా అందేలా తక్కువ ఎత్తులో, వెడల్పుగా. నీళ్ళు నిలవుంటే దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి రోజూ మార్చే పని వాచ్‌మన్‌ది, వారానికోసారి లోపల రుద్ది కడిగే పని నాది.

తొట్టి మీద పేరు రాయిద్దామన్నాను, అంతే, గొడవ మొదలు. బంగారం అని రాయకపోతే డబ్బులు వెనక్కిమ్మంది చేపలమ్మ. ఇన్‌స్పెక్టరు అని రాయిస్తే పోలీసులు ఏమైనా అనుకుంటారేమోనని టిఫినాయనకి టెన్షన్, అయినా అదే కావాలట. పెయింటరు బ్రష్షు పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. "అక్షరానికింత తీసుకుంటాను, తేల్చుకోండి" అన్నాడు. నాన్న ఒక్కసారి గొంతు పెంచి, "అన్నీ రాయవయ్యా!" అన్నాడు. రాశాడు. పెళ్ళి శుభలేఖ కింద బంధువుల పేర్లలా వరసగా చుక్కమ్మ, బంగారం, ఇన్‌స్పెక్టరు, పోలమ్మ, సత్తిబాబు. దారిన పోయేవాళ్ళు ఐదు కుక్కలు పోయాయనుకుని జాలిపడుతున్నారు.

నవ్వుతున్నావా? నేనూ నవ్వాను. రాత్రి మాత్రం గేటు గొళ్ళెం వేసే వేళకి... సరే, వదిలెయ్.

బావ స్టేషన్‌కి బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. కింద హారన్ కొట్టేస్తున్నాడు. ఒక్క మాట. తొట్టి మీద కింది వరసలో ఇంకో పేరుకి చోటుంది. నీ చెప్పు ఎత్తుకుపోయిన రోజు నుంచి నువ్వు దాన్ని పిలిచే పేరు ఉంది చూశావూ, అది కూడా రాయించమంటోంది అమ్మ. దాని అర్థం ఆవిడకి తెలియదు. గుడికి వెళ్ళే దారిరా అది, ఆడవాళ్ళు చదువుతారు! ఏం చెప్పమంటావో వెంటనే రాయి, పెయింటరు ఆదివారం మళ్ళీ వస్తా

వస్తున్నా బావా అంటే వినడు. ఉంటాను.

నీ
రెండో చెప్పు