తాతయ్య రైల్వేలో ఏం చేసేవాడంటే

చిరంజీవి చిన్నాకి, అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మమ్మ కాస్త తేరుకుంది, రెండు పూటలా అన్నం తింటోంది. నువ్వు టెన్షన్ పెట్టుకోకు.

పెద్దకర్మకి వచ్చినవాళ్లంతా తాతయ్య గురించి ఒకటే మాట అన్నారు. "దేవుడిలాంటి మనిషి, రైల్వేలో చేసి రిటైరయ్యారు" అని. నువ్వు ఫోటో కింద రాసింది కూడా ఇంచుమించు అదే. చదివి బాగుందనుకున్నాను. కానీ రాత్రి పడుకున్నాక, రైల్వేలో చేసి అంటే ఏం చేసి అన్నది వీడికి ఎవరు చెప్పారు అనిపించింది. ఫోన్లో చెబితే సగం చెప్పి ఏడుస్తాను, అందుకే రాస్తున్నాను.

తాతయ్య 1966లో క్యాజువల్ లేబరుగా చేరాడు. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది కూడా ఆ ఏడాది అక్టోబరులోనే. ఐదో క్లాసు చదువు, వయసు ఇరవై ఒకటి. కొన్నేళ్లకి గ్యాంగ్‌మన్‌గా, అంటే పట్టాల మరమ్మతు చేసే గ్యాంగులో పనివాడిగా, పర్మనెంట్ అయింది, ఆ తర్వాత కీమన్ అయ్యాడు. బాపట్ల నుంచి అప్పికట్ల వైపు ఆయన బీటు, అంటే రోజూ నడిచి చూసుకోవాల్సిన లైను. రోజూ తెల్లవారుజామునే లేచి, అమ్మమ్మ కట్టిచ్చిన సద్దన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లేవాడు. వెళ్లేటప్పుడు ఒక పట్టా చూసుకుంటూ, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ నడవాలి. పట్టా కదలకుండా పట్టి ఉంచే ఇనుప ముక్కల్ని 'కీ'లంటారు, అవి వదులైతే సుత్తితో దిగ్గొట్టాలి, రెండు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు బిగించాలి, ఎక్కడన్నా పగులు కనిపిస్తే బళ్లు ఆపాలి. పండగలకీ వానలకీ ఆ నడక ఆగదు.

ఆ నడక ఎలాంటిదో నీకు తెలియదు. పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్ల మధ్య దూరం మనిషి అడుగుకి కుదరదు చిన్నా. ఒక్కొక్కదాని మీద వేస్తే అడుగు మరీ చిన్నదవుతుంది, ఒకటి వదిలి వేద్దామంటే అంగ చాలదు. పక్కకి దిగితే కంకర. కాళ్లకి టైరు చెప్పులు, భుజాన సుత్తి, స్పానరు, సంచిలో జెండాలూ, టపాకాయల్లా పేలే డిటొనేటర్లూ. నువ్వు చిన్నప్పుడు తాతయ్య మోకాళ్లు నొక్కితే టకటకమనేవి కదా, అవి ఇలా అరిగిన మోకాళ్లు.

ఒక చలికాలం సంగతి చెబుతాను. చలికి ఇనుము ముడుచుకుంటుంది, అప్పుడే వెల్డు చేసిన చోట పట్టా పుటుక్కుమని విరుగుతుంది. నేను హైస్కూల్లో ఉండగా ఒక తెల్లవారుజామున తాతయ్యకి అలాంటిది దొరికింది. పట్టా విరిగి నడుమ సందు పడింది, విరిగిన చోట ఇనుము కొత్త గిన్నెలా మెరుస్తోందట. మంచు కమ్మి ఉంది. అక్కడ ఎర్రజెండా పాతి, రెండోది పట్టుకుని, బండి వచ్చే వైపు పరిగెత్తాడు. ఆరువందల మీటర్ల దగ్గర పట్టాకి ఒక డిటొనేటరు బిగించాలి, పన్నెండువందల మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు బిగించాలి. అది రూలు. చక్రం ఎక్కగానే అవి పేలతాయి, మంచులో జెండా కనిపించకపోయినా డ్రైవరుకి చప్పుడు వినిపిస్తుంది. మూడోది బిగించి లేచేసరికి ఇంజను లైటు కనిపించిందట. బండి ఆగింది. నిండా జనం ఉన్న ఎక్స్‌ప్రెస్.

ఇదంతా మాకు గ్యాంగు మేస్త్రీ గారు వచ్చి చెబితే తెలిసింది. తాతయ్య ఇంటికొచ్చి అమ్మమ్మతో అన్నది ఇంతే: "వెల్డు దగ్గర విరిగింది, ఆలస్యమైంది, అన్నం పెట్టు." ఆ బండిలో నిద్రపోతున్న వాళ్లలో ఒక్కరికైనా ఆయన పేరు తెలిసి ఉండదు. ఆయనకి అది లోటుగా ఎప్పుడూ తోచలేదు. నాకు తోస్తుంది.

1974 రైల్వే సమ్మె నాకు గుర్తులేదు, అమ్మమ్మ చెప్పిందే. మే 8న మొదలై ఇరవై రోజులు సాగింది. తాతయ్య సమ్మెలో ఉన్నాడు. పోలీసులు క్వార్టర్స్ చుట్టూ తిరిగేవారట, అమ్మమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటికి పోయి, గాజులు తాకట్టు పెట్టింది. ఆ సమ్మెలో అడిగిన వాటిలో బోనస్ ఒకటి, అది తర్వాత 1979లో రైల్వే వాళ్లకి మొదలైంది. దసరాకి మాకు బట్టలు కొనేటప్పుడల్లా అమ్మమ్మ "ఇవి ఊరికే రాలేదర్రా" అనేది.

1977 నవంబరు 19 మాత్రం నాకు బాగా గుర్తు. దివిసీమ ఉప్పెన అని మీరు చదువుకున్నదే, వేలమంది పోయారు. మా వైపు కూడా గాలి భయంకరం. చీకటి పడకముందే తాతయ్య మమ్మల్నీ పక్క క్వార్టర్ల పిల్లల్నీ స్టేషన్ వెయిటింగ్ రూములోకి చేర్చాడు, అక్కడ గోడలు గట్టివని. నన్ను తన గొంగట్లో చుట్టి గోడ మూలకి కూర్చోబెట్టాడు. గాలి తగ్గిందో లేదో గ్యాంగుతో లైను మీదకి వెళ్లిపోయాడు. పట్టాల మీద చెట్లు, తీగలతో సహా స్తంభాలు పడి ఉన్నాయి. చాలా రోజులు ఆయన ఇంటికి వచ్చింది బట్టలు మార్చుకోడానికే.

ఎక్కాలకన్నా ముందు నాకు 1676 వచ్చు. ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి అన్ని మిల్లీమీటర్లు. ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగేవాడు, చెబితే బెల్లం ముక్క పెట్టేవాడు. ఆడపిల్లకి డిగ్రీ చాలన్నారు బంధువులు. "మా అమ్మాయి టీచరవుతుంది" అని నన్ను బీఈడీకి గుంటూరు పంపాడు. రోజూ బండిలో వెళ్లేదాన్ని. ఆ బండి ఆయన బీటు మీదుగానే పోయేది. పక్కకి తప్పుకుని, పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని, ఆయన తలెత్తేవాడే కాదు. చూపంతా చక్రాల మీద. నాకు కోపం వచ్చేది. ఒకసారి అడిగితే, "నీ పెట్టె కిందే కదమ్మా చూస్తున్నాను, మొన్న బ్రేకు పట్టేసి పొగ వస్తుంటే గార్డుకి ఎర్రజెండా చూపించాను, బండి ఆపారు గుర్తుందా" అన్నాడు. గుర్తుంది. అప్పికట్లలో ఎందుకు ఆగిందా అని మేమంతా విసుక్కున్నాం.

రెండు లైన్ల మీదా ఒకేసారి బళ్లు వస్తే ఒకదాని మోతలో ఇంకోటి వినిపించదు. తాతయ్యతో పనిచేసిన వాళ్లలో కొందరు అలాగే పోయారు. ఆ ఇళ్లకి ఏ పండగైనా ముందు మా ఇంటి నుంచే క్యారేజీ వెళ్లేది.

2005లో అరవై నిండి రిటైరయ్యాడు. రైల్వే పాసు మీద అమ్మమ్మని కాశీ తీసుకెళ్లాడు. ఇప్పటి రైళ్లలో పాత టకటక చప్పుడు లేదని మీ నాన్న బాధపడితే, "పోతే మంచిదే అల్లుడూ, పట్టా దెబ్బతినేది ఆ జాయింటు దగ్గరే" అన్నాడు. ఆ రోజు ఆయన ముఖంలో ఎంత సంతోషమో!

ఫోటో కింద మాట మార్చు. "బాపట్ల సెక్షన్లో కీమన్‌గా పనిచేశారు" అని రాయి. అమ్మమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలకి వచ్చే నెల బ్యాంకుకి వెళ్లాలి, నువ్వు రెండు రోజులు సెలవు పెట్టి వస్తే నాకు తేలిక. వచ్చేటప్పుడు ఆవిడకి మోకాళ్ల పట్టీ ఒకటి తీసుకురా, ఇక్కడ దొరికినవి బిగుతుగా ఉన్నాయంటోంది.

ఇట్లు,
మీ అమ్మ