గంట లేని ఇల్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి మొత్తానికి టైమ్‌టేబుల్ వేసేవాణ్ణి, ఇంట్లో నలుగురికి వేయడం ఎంతసేపు అనుకున్నాను. వేసవి సెలవుల్లో వేశాను కూడా. 5.30కి లేవడం, 5.45కి నడక, 6.15కి సూర్య నమస్కారాలు. రంగు పెన్నులతో రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆవిడ చూసి, "బాగానే ఉందండీ, గంట కొట్టడానికి ఆయాని కూడా పెట్టండి" అంది. తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు పెళ్ళికి వెళ్ళి వచ్చి పడుకునేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ తర్వాత ఆ కాగితం వెనక పాల లెక్క రాసుకున్నాం.

ఆగస్టులో స్కూటర్ మొరాయించింది. మెకానిక్ "రేపు సార్" అంటూ పన్నెండు రోజులు తిప్పాడు. సాయంత్రం అమ్మాయిని సంగీతం క్లాసుకి నడిపించి తీసుకెళ్ళాల్సి వచ్చింది. కిలోమీటరున్నర. మొదటి రోజు ఇద్దరం మూతి ముడుచుకునే నడిచాం. మూడో రోజు చెరువు గట్టు దగ్గర తను ఆగి, చెప్పు పట్టీ సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, "నాన్నా, లెక్కల్లో నాకేం అర్థం కావట్లేదు" అంది. నేను ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. స్కూటర్ వెనక కూర్చుని ఉంటే తను ఆ మాట అనేది కాదు, అన్నా హెల్మెట్‌లో నాకు వినబడేది కాదు. బండి బాగై వచ్చింది. క్లాసుకి మాత్రం ఇప్పటికీ నడిచే వెళ్తున్నాం.

వ్యాయామానికంటూ ఇంట్లో వేరే వేళ వెతికితే దొరకడం కష్టం, మా ఫ్రిజ్ సాక్షిగా చెబుతున్నాను. ఎలాగూ చేసే పనికి దాన్ని తగిలిస్తే నిలబడుతుంది. కూరగాయలకి వెళ్ళడం, చెల్లిని ట్యూషన్ నుంచి తీసుకురావడం, మేడ మీద బట్టలు తీయడం, ఏదైనా సరే.

ఇక లెక్క చూద్దాం. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు కదిలేలా, ఊపిరి వేగం పెరిగేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే వారానికి 420 నిమిషాలు. మన బడిలో గేమ్స్ పీరియడ్లు వారానికి రెండు, ఒక్కోటి 40 నిమిషాలు. మొత్తం 80. పరీక్షల ముందు ఆ రెండూ సైన్సుకో లెక్కలకో పోతున్నాయని పిల్లలు నాకు చెప్పారు. తప్పు మాదే. ఈ నెల నుంచి గేమ్స్ పీరియడ్ ఎవరూ తీసుకోకూడదని టీచర్లకి చెప్పాను. అయినా మిగతా 340 నిమిషాలు మీ దగ్గరే ఉన్నాయి. ఒక్కసారే గంట ఆడాలని లేదు. పది నిమిషాలు, పావుగంట కలిసినా లెక్కలోకి వస్తాయి.

మొన్న ఆరో తరగతిలో పిల్లల్ని మడమలు నేలకి ఆనించి గొంతుక్కూర్చోమన్నాను. సగం మంది వెనక్కి పడ్డారు, నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. సోఫా, బల్ల, కుర్చీ, కమోడ్ దాటి వాళ్ళు నేల మీదకి దిగేది ఎప్పుడు? వారానికి రెండు మూడు రాత్రులు అందరూ కింద కూర్చుని భోంచేయండి. మేడ మీద సుద్దముక్కతో ఎనిమిది గళ్ళు గీసి తొక్కుడు బిళ్ళ ఆడించండి. ఒంటికాలి మీద గెంతితే ఎముకలకీ కండరాలకీ పని పడుతుంది. ఆట నేర్పడానికి నాయనమ్మలూ అమ్మమ్మలూ ఉన్నారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మాత్రం కుర్చీలోంచే తప్పులు పట్టాలి.

పొద్దున పిల్లలు లేవట్లేదని చాలామంది నాతో అంటారు. పొద్దున్నే పోట్లాడితే లాభం లేదు, ముందు రాత్రి భోజనం వేళ చూడండి. పది గంటలకి తిని, పదకొండింటిదాకా ఫోను చూసిన పిల్ల ఆరింటికి ఎలా లేస్తుంది? ప్రాథమిక తరగతుల పిల్లలకి తొమ్మిది గంటల నిద్రైనా పడాలి. మా ఇంట్లో భోజనం గంట ముందుకి జరపడానికి నెలన్నర పట్టింది. సీరియల్ విషయంలో మా అమ్మగారితో జరిగిన చర్చలు ఇక్కడ రాయను.

కార్తీకం కదా, ఈ నెల మూడో ఆదివారం ఊరి బయట మామిడితోటలో బడి వనభోజనాలు. బడి దగ్గర ఉదయం 7 గంటలకి కలిసి, రెండు కిలోమీటర్లూ నడిచే వెళ్తాం. నడవలేని పెద్దవాళ్ళకి ఆటో ఉంటుంది. పులిహోర ఎవరు, పెరుగన్నం ఎవరు తెస్తారో గురువారంలోగా క్లాస్ టీచర్‌కి చెప్పండి. పోయిన ఏడాది పదకొండు గిన్నెలూ పులిహోరే వచ్చాయి.

భోజనానికి ముందు ఏడు పెంకులాట. పిల్లలు ఒక జట్టు, అమ్మానాన్నలు ఒక జట్టు. పట్టుచీరలు, కొత్త చెప్పులు వద్దు. పెంకులు నేను తెస్తాను, బంతి ఎవరైనా తెండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు