వెనక టైరు తిరగేసి బిగించారు, తప్పు తమది కాదంటున్నారు: టైర్ల కంపెనీకి ఫిర్యాదు

నెల్లూరు,
19 నవంబరు 2025.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ ఫిట్టింగ్ సెంటర్‌లో నా బండికి టైర్లు బిగించిన తీరుపై ఫిర్యాదు.

అయ్యా,

నవంబరు 8, శనివారం నాడు నెల్లూరులో మీ బోర్డు ఉన్న ఫిట్టింగ్ సెంటర్‌లో నా రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650కి రెండు కొత్త టైర్లు వేయించుకున్నాను. టైర్లకూ బిగింపుకూ కలిపి 11,400 రూపాయలు మీ వెబ్‌సైట్‌లోనే ముందుగా కట్టాను. మీ వాళ్లు వెనక టైరును తిరగేసి బిగించారు. రిమ్ మీద సరిగ్గా కూర్చోబెట్టలేదు. చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చూసే బ్యాలెన్సింగ్ చెయ్యలేదు. 10వ తేదీన ఫోటోలతో సహా మెయిల్ పెడితే, మీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "టైరులో తయారీ లోపం లేదు కాబట్టి వారంటీ వర్తించదు" అని చెప్పి ఫిర్యాదు మూసేశారు. టైరులో లోపం ఉందని నేను ఎక్కడా అనలేదు. నా ఫిర్యాదు మీ మనుషులు చేసిన పని గురించి. అందుకే మొత్తం మళ్లీ రాస్తున్నాను.

పాత వెనక టైరు 17,500 కిలోమీటర్లు తిరిగింది. ఎప్పుడూ హైవే మీద నిటారుగా నడిచే బండి కాబట్టి నడిమిభాగం చదునైపోయింది, మలుపు తిప్పితే బండి ఒక్కసారిగా పక్కకు ఒరిగినట్టు ఉండేది. కార్తీక సోమవారానికి మా ఆవిడతో కలిసి శ్రీశైలం వెళ్లాలి, దోర్నాల దాటాక అంతా ఘాట్ రోడ్డు, పైగా మనకు ఇది వానల కాలం. ఆ టైరుతో వెళ్లడం ఇష్టం లేక ముందుగా మార్పించాను.

టైరు ఎంచుకునేటప్పుడు నేను ధర ఒక్కటే చూసే మనిషిని కాను. ఈ బండి బరువే 241 కిలోలు. మేమిద్దరం కలిపి 140, సామాన్లు ఇంకో 20. నాలుగు వందల కిలోలు రెండు టైర్ల మీద పోతున్నాయి, అందులో సగం కంటే ఎక్కువ భారం వెనక దాని మీదే. ఈ బండికి వెనక 150/80-16 సైజులో 71హెచ్ టైరు వస్తుంది. 150 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 71 అంటే 345 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. ఆర్డరు పెట్టేటప్పుడు మీ కాల్ సెంటర్ వాళ్లు "150 అయితే చాలు సార్, ఏదైనా ఒకటే" అన్నారు. 66 అని ఉన్న టైరు 300 కిలోలే మోస్తుంది, ఒకటే ఎలా అవుతుందని నేనే చెప్పాల్సి వచ్చింది. సెంటర్‌లో కుర్రాడైతే 160 వేస్తే లుక్ బాగుంటుందన్నాడు. రిమ్ అదే ఉంచి టైరు వెడల్పు పెంచితే అంచులు లోపలికి నొక్కుకుపోతాయి, మలుపులో బండి వంగే తీరే మారిపోతుంది. వద్దన్నాను.

ఇక బిగింపు. పాత టైరు ఊడదీసేటప్పుడు రిమ్‌కు ఏ అడ్డూ పెట్టకుండా లివర్లతో పొడిచారు. అల్లాయ్ రిమ్ మీద మూడు చోట్ల గీతలు పడ్డాయి. కొత్త టైరు ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు గానీ టైర్ పేస్టు గానీ వాడాలి కదా, డబ్బాలో ఉన్న పాత ఇంజన్ ఆయిల్ పూశారు. ఆయిల్ రబ్బరును పాడుచేస్తుందని మీ కంపెనీకి నేను చెప్పాలా? బ్యాలెన్సింగ్ సంగతి అడిగితే మిషన్‌కు ఈ చక్రం పట్టదన్నారు. బిల్లులో మాత్రం బ్యాలెన్సింగ్ డబ్బులు ఉన్నాయి.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. పెన్నా బ్రిడ్జి దాటి కోవూరు వైపు వచ్చాక డెబ్బై దాటితే సీటు కింద ఎవరో లయగా గుద్దుతున్నట్టు మొదలైంది. కొత్త టైరు కదా, మొదట కొంతదూరం జారుడుగా ఉంటుందని నెమ్మదిగానే నడుపుతున్నాను. కానీ ఇది జారుడు కాదు, ఎగరేయడం. మా ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుని "ఏందిది, ఇట్లా ఎగరతా ఉంది" అంది. ఆ టెన్షన్‌తోనే కావలి దాకా నలభై మీద నెట్టుకొచ్చాను.

కావలిలో హైవే పక్కన లారీల పంక్చర్ షాపులో ఒక పెద్దాయన బండిని స్టాండు మీద పెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. టైరు పక్కన రిమ్‌ను ఆనుకుని చుట్టూ సన్నటి గీత ఒకటి ఉంటుంది. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీత అన్నిచోట్లా రిమ్‌కు ఒకే దూరంలో కనిపించాలి. ఆయన వేలు పెట్టి చూపించాడు: "అబ్బయా, ఈడ చూడు, ఇంత ఎత్తున ఉంది. ఆడికి పోయేతలికి రిమ్ములోకి పోయింది." జానెడు మేర ఆ గీత అసలు కనిపించలేదు. గాలి తీసేసి, సబ్బు నీళ్లు పోసి, మళ్లీ కొట్టాడు. టప్పుమని ఒక శబ్దం వచ్చి గీత సమంగా బయటపడింది. మీ సెంటర్‌లో ఇద్దరు గంటన్నర చేసిన పనిని ఆయన ఒక్కడే పావుగంటలో సరిచేశాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

ఆ వెలుతురులో దగ్గరగా చూస్తేనే నాకు రెండో విషయం కనిపించింది. టైరు పక్కన ఉన్న బాణం గుర్తు వెనక్కి చూస్తోంది. బండి ముందుకు పోతుంటే చక్రం ఎటు తిరుగుతుందో దానికి సరిగ్గా ఎదురు. ఆ బాణం అలంకారానికి కాదు. టైరు మీది గాడులు నీళ్లను బాగా పక్కకు తోసేది ఆ దిశలో తిరిగితేనే. ఇంజన్ లాగేటప్పుడు పడే బలానికి తగ్గట్టు రబ్బరు అతుకు వేసేది కూడా ఆ దిశను బట్టే. వాన పడిన నల్లమల ఘాట్‌లో, వెనక మనిషితో, ఆ టైరు మీద వంపులు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఆమెను ఆర్టీసీ బస్సు ఎక్కించి, నేను ఖాళీ బండిని నెమ్మదిగా వెనక్కి తెచ్చాను. శ్రీశైలం దర్శనం ఆగిపోయింది.

ఇంటికొచ్చి టైరు మొత్తం తుడిచి చూస్తే తేదీ కోడ్ చివర 3821 అని ఉంది. 2021లో 38వ వారం తయారీ. నాలుగేళ్లు దాటిన సరుకు. ముందు టైరు ఈ ఏడాదిదే. మీ సెంటర్‌కు ఫోన్ చేస్తే "వాడనిది కొత్తదే సార్" అన్నారు. రేకుల షెడ్డులో నెల్లూరు ఎండలకు ఎన్ని వేసవులు మగ్గిందో తెలియని టైరును, ఆ సంగతి చెప్పకుండా, పూర్తి ధరకు అమ్మడం న్యాయం కాదు.

నాకు కావలసినవి ఇవి. వెనక టైరు వెనక్కి తీసుకుని ఈ ఏడాది తయారైనది ఇవ్వండి. దాన్ని బ్యాలెన్సింగ్ మిషన్ ఉన్నచోట, పని తెలిసిన మనిషితో, నా కళ్ల ముందు బిగించండి. బిగింపు, బ్యాలెన్సింగ్ డబ్బులు తిరిగి ఇవ్వండి, రిమ్ గీతలకు అయ్యే ఖర్చు భరించండి. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ సెంటర్‌లో పనివాళ్లకు నేర్పించేవరకు పెద్ద బండ్లకు టైర్లు బిగించడం ఆపించండి. నాకు కావలిలో ఒక పెద్దాయన దొరికాడు. రేపు ఇంకొకరికి దొరకకపోవచ్చు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లు కాపీ, బాణం గుర్తు, తేదీ కోడ్, రిమ్ గీతల ఫోటోలు, కావలిలో గాలి తీయకముందు తీసిన వీడియో ఈ లేఖతో పంపుతున్నాను. పాత టైరు కూడా పారేయలేదు, ఇంట్లోనే ఉంది. మీ మనిషి ఎప్పుడు వచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్
(పేరు, ఫోన్ నంబరు బిల్లు కాపీ మీద ఉన్నాయి)